లండన్ 60 వేల పౌండ్లా, బెర్లిన్ 65 వేల యూరోలా: అద్దె కట్టాక చేతిలో మిగిలేదెంత?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశారు. భార్య, మూడేళ్లు నిండబోతున్న పాప. లండన్ కంపెనీ ఏడాదికి 60,000 పౌండ్లు ఇస్తానంటోంది, బెర్లిన్ కంపెనీ 65,000 యూరోలు. నెట్‌లో రెండు ఊళ్ల సగటు అద్దెలు చూశారు. లండన్‌లో అద్దె చాలా ఎక్కువే, కానీ పౌండుకు విలువ ఎక్కువ కదా, చివరికి రెండూ ఒకటే అవుతాయేమో అని మీ అనుమానం.

నేనూ మా ఆయనా 2014 నుంచి 2018 దాకా లండన్‌లో ఉన్నాం. మొదట ఈస్ట్ హామ్, తర్వాత హౌన్‌స్లో. 2018 చివర్లో బెర్లిన్ వచ్చాం, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం. ఇద్దరమూ ఉద్యోగస్తులమే, మా బాబు ఇక్కడే పుట్టాడు. రెండు ఊళ్లలో కలిపి ఆరు ఇళ్లు మారాం కాబట్టి ఈ విషయం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. ఓపిగ్గా చదవండి.

ముందు ఆ సగటు అద్దెలు పక్కన పెట్టేయండి. లండన్‌లో ప్రైవేటు ఇళ్ల సగటు అద్దె 2025లో నెలకు 2,200 పౌండ్లు దాటింది. ఆ అంకె మిమ్మల్ని భయపెడుతుంది గానీ, అందులో నడిబొడ్డున ఉన్న ఖరీదైన ఇళ్లూ కలిసి ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్, హౌన్‌స్లో వైపు అంతకంటే తక్కువకే దొరుకుతాయి. బెర్లిన్ సగటు ఇంకో రకంగా మోసం చేస్తుంది. అక్కడ నగరపాలన ఎప్పటికప్పుడు ప్రకటించే అద్దెల పట్టిక ఒకటుంది, మీట్‌ష్పీగెల్ అంటారు. దాని ప్రకారం సగటు చదరపు మీటరుకు 7 యూరోల పైచిలుకు మాత్రమే. 60 చదరపు మీటర్ల ఇంటికి లెక్కేస్తే 450 యూరోలు కూడా కాదు. చూసి సంబరపడకండి, ఆ అద్దెకు మీకు ఇల్లు దొరకదు. అది ఏళ్ల తరబడి అదే ఇంట్లో ఉన్నవాళ్లు కట్టే అద్దె. కొత్తగా ప్రకటనల్లో కనిపించే ఇళ్లకు దానికి రెట్టింపు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ.

అంటే బెర్లిన్‌లో ఉన్నది ఒక అద్దె కాదు, రెండు. లోపల ఉన్నవాళ్లదొకటి, బయటి నుంచి వచ్చేవాళ్లదొకటి. లండన్‌లో ఈ తేడా అంత కనిపించదు. ఓనరు కొన్నాళ్లకోసారి మార్కెట్ ధరకు పెంచేస్తాడు, లేదంటే ఇన్నాళ్లూ ఖాళీ చేయించేవాడు. అందుకే ఈ రెండు ఊళ్లను మొదటి నెల అద్దెతో పోలిస్తే ఒక జవాబు వస్తుంది, ఐదేళ్ల అద్దెతో పోలిస్తే ఇంకో జవాబు వస్తుంది. మీరు రెండోది చూడాలి.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క వేద్దాం. నేను చెప్పే అద్దెలు నా చుట్టుపక్కల వాళ్లు ఈమధ్య కడుతున్నవాటిని బట్టి చెబుతున్నవి, ఇంటిని బట్టి నూరో నూటయాభయ్యో అటూ ఇటూ అవుతాయి.

లండన్‌లో 60,000 పౌండ్ల మీద 12,570 దాకా పన్ను లేదు, 50,270 దాకా 20 శాతం, ఆపైన 40 శాతం. నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక బీమా కూడా కోస్తారు. ఇవి పోగా మిగిలింది పన్నెండుతో భాగిస్తే నెలకు 3,780 వస్తుంది, కంపెనీ పెన్షన్‌కు మీ వాటా పోతే సుమారు 3,650 చేతికొస్తుంది. ఇల్‌ఫర్డ్ వైపు ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు 1,450 అనుకోండి. అద్దెతో అయిపోదు. కౌన్సిల్ టాక్స్, అంటే స్థానిక కౌన్సిల్ వేసే ఇంటి పన్ను, అక్కడ అద్దెకున్నవాళ్లే కట్టాలి, అది ఓనరు బాధ్యత కాదు. మనవాళ్లలో చాలామందికి మొదటి బిల్లు ఇంటికొచ్చేదాకా ఈ సంగతే తెలియదు. నెలకు 140 దాకా వేసుకోండి. గ్యాస్, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ కలిపి 200. లండన్ రవాణాను నడిబొడ్డు నుంచి బయటికి జోన్లుగా విడగొట్టారు, ఇల్‌ఫర్డ్ ఉన్న నాలుగో జోన్ నుంచి నడిబొడ్డుకు రోజూ వెళ్లాలంటే నెల పాసు దాదాపు 250. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసైతే ఇది సగానికి తగ్గుతుంది. ఇవన్నీ తీసేస్తే 1,610 మిగులుతుంది.

ఇందులోంచి ఇంకొకటి తీసేయాలి, దీన్ని చాలామంది ఇంటి లెక్కలో వేసుకోరు. వీసాతో పాటే ఆరోగ్య సర్‌చార్జి ముందుగా కట్టాలి. పెద్దవాళ్లకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మీ ముగ్గురికీ ఏడాదికి 2,846. మూడేళ్ల వీసా అయితే 8,538 పౌండ్లు మీరు విమానం ఎక్కకముందే కట్టేయాలి, అంటే దాదాపు పది లక్షల రూపాయలు. కంపెనీ కడుతుందా, ఎవరెవరికి కడుతుంది అన్నది రాతపూర్వకంగా అడగండి. మీకొక్కరికే కట్టి, కుటుంబాన్ని మీకే వదిలేసే కంపెనీలు ఉంటాయి. మొత్తం మీరే కట్టాల్సొస్తే నెలకు 237 పడుతుంది. చేతిలో నికరంగా మిగిలేది 1,370 పౌండ్లు. ఇప్పటి మారకంలో 1,575 యూరోలు అనుకోండి.

బెర్లిన్‌లో 65,000 యూరోలకు మీరు ఒక్కరే వచ్చి ఉన్నంతకాలం పన్ను తరగతి ఒకటి, చేతికొచ్చేది 3,350 దాకా. భార్య వచ్చి ఇక్కడ నమోదయ్యాక తరగతి మూడుకు మార్చుకుంటే 3,750 అవుతుంది. పెళ్లైనా ఆమె ఇండియాలో ఉంటే ఈ లాభం రాదు, అది గుర్తుంచుకోండి. పాపకు కిండర్‌గెల్ట్ అని ప్రభుత్వం నెలకు 259 యూరోలు ఇస్తుంది. ఆరోగ్య బీమా జీతంలోనే కోశారు, సంపాదన లేని భార్యకూ పాపకూ అదే బీమా ఉచితంగా వర్తిస్తుంది. అంటే మొత్తం 4,010. ఊరి అంచున స్పాందావ్, లిష్టెన్‌బెర్గ్, మార్‌త్సాన్ లాంటి చోట్ల రెండు గదుల ఇల్లు, హీటింగ్‌తో కలిపి 1,250. కరెంటు, ఇంటర్నెట్ 100. ఇంటికొకటి చొప్పున రేడియో టీవీ రుసుము 18.36, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. దేశమంతా తిరిగే నెల టికెట్ 63. పాపను కీటాలో, అంటే ఇక్కడి ప్లేస్కూల్లో వేస్తే భోజనానికి 23 యూరోలు, ఫీజు లేదు. 2018 ఆగస్టు నుంచి బెర్లిన్‌లో కీటా ఉచితం. అన్నీ తీసేస్తే 2,550 యూరోలు మిగులుతాయి.

ఒక్క జీతం మీద బతకాలంటే బెర్లిన్‌లో నెలకు 950 యూరోలకు పైగా ఎక్కువ మిగులుతోంది. కూరగాయలు, బియ్యం, పాలు రెండుచోట్లా పెద్ద తేడా లేదు. దోసకాయలు, గోంగూర లండన్‌లో సులువుగా దొరుకుతాయి, అంతే.

ఇక్కడితో ఆగితే నేను మీకు సగం జవాబే ఇచ్చినట్టు. బెర్లిన్ లెక్కలో ఆ 1,250 యూరోల ఇల్లు మీకు దిగిన నెలలో దొరకదు. ఆరు నెలల్లో దొరికితే అదృష్టం.

లండన్‌లో 2016లో మా ఓనరు ఇల్లు అమ్ముకుంటానని రెండు నెలల నోటీసు ఇచ్చాడు. అప్పట్లో సెక్షన్ 21 అనే నిబంధన కింద కారణం చెప్పకుండానే ఖాళీ చేయమనొచ్చు. మేం ఏ తప్పూ చేయలేదు, అద్దె ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. ఏడ్చినంత పనైంది. కానీ తొమ్మిదో రోజుకల్లా హౌన్‌స్లోలో ఇంకో ఇల్లు ఖాయం చేసుకున్నాం. నెలకు 150 ఎక్కువ పెట్టాం, ఇల్లు దొరికింది. లండన్ తీరే అంత. డబ్బు పెడితే వారం పది రోజుల్లో తాళాలు చేతికొస్తాయి.

బెర్లిన్‌లో డబ్బు పెడతానన్నా వినేవాడు ఉండడు. మేం వచ్చాక సొంత కాంట్రాక్టు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఇల్లు చూడ్డానికి వెళ్తే మూడో అంతస్తు నుంచి వీధిదాకా మెట్ల మీద క్యూ. ప్రకటన పెట్టిన గంటలో వందల మెసేజ్‌లు వెళ్తాయి, ఓనరు మొదటి ఇరవై ముప్పై చూసి మిగతావి తెరవడు. మీ జీతం బాగుంది, కానీ క్యూలో మీ ముందున్నవాడి జీతమూ బాగుంటుంది. పైగా అతనికి జర్మన్ వచ్చు, షూఫా ఉంది. షూఫా అంటే మన సిబిల్ స్కోరు లాంటిది. కొత్తగా వచ్చినవాళ్లకు అది ఖాళీగా ఉంటుంది.

ఇంకో చిక్కు. ఇంట్లో చేరిన పద్నాలుగు రోజుల్లో ఊళ్లో పేరు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అది ఉంటేనే పన్ను నంబరు పోస్టులో వస్తుంది, బ్యాంకు పనులు సాఫీగా సాగుతాయి, వీసా పొడిగింపు జరుగుతుంది. ఇల్లు లేనిదే నమోదు లేదు, నమోదు లేనిదే ఇల్లు ఇవ్వరు. ఈ ముడి విప్పడానికి అందరూ చేసేదొకటే: మొదటి ఆరు నెలలో ఏడాదో సామాన్లతో ఉన్న తాత్కాలిక ఫ్లాటు తీసుకుంటారు. కరెంటు, ఇంటర్నెట్ కలిపి రెండు గదులకు 1,700, 1,800 అడుగుతారు. చట్టం పెట్టిన అద్దె పరిమితి ఇలాంటి తాత్కాలిక ఇళ్లకు వర్తించదు కాబట్టి ఓనర్లు కూడా ఇటే మొగ్గుతున్నారు. దాన్ని తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది, కానీ ఇప్పుడు పరిస్థితి ఇదే. తీసుకునే ముందు ఒక్కటి తప్పనిసరిగా అడగండి: ఈ చిరునామా మీద ఆన్‌మెల్డుంగ్‌కు సంతకం పెడతారా? కాదంటే ఎంత చౌకైనా వద్దు.

ఆ ఫ్లాటుకు 1,750 కడుతూ లెక్కేసినా కుటుంబంతో ఉంటే నెలకు 2,150 దాకా మిగులుతుంది. లండన్ కంటే ఇంకా ఎక్కువే. కాబట్టి మొదటి ఏడాది మీరు నష్టపోయేది డబ్బు కాదు. పాపను ఒక కీటాలో అలవాటు చేశాక ఇల్లు మారి ఇంకో కీటా వెతకడం, పెట్టెలు విప్పకుండా నెలలు గడపడం, ప్రతి శనివారం మెట్ల మీద నిలబడడం. ఇవి తక్కువ కష్టాలేం కావు. మేం దంపతులం మాట్లాడుకోవడం మానేసిన వారాలున్నాయి అప్పట్లో.

అది దాటితే వచ్చేదేమిటో కూడా చెప్పాలి. మాకు 2019లో దొరికిన ఇల్లు 62 చదరపు మీటర్లు. హీటింగ్, నీళ్లు, చెత్త కలపని అద్దె, ఇక్కడివాళ్లు కాల్ట్‌మీటె అంటారు, అప్పట్లో 620. ఇప్పుడు 690. ఇన్నేళ్లలో పెరిగింది డెబ్బై యూరోలు. మా పై అంతస్తులో సరిగ్గా ఇదే కొలతల ఇంట్లోకి పోయినేడు వచ్చినవాళ్లు మాకంటే 400 ఎక్కువ కడుతున్నారు. కాంట్రాక్టుకు గడువు లేదు. ఓనరు ఇష్టమొచ్చినట్టు పెంచలేడు: అద్దెల పట్టికలో ఉన్న స్థాయి దాకానే, అదీ మూడేళ్లలో 15 శాతం మించకుండా. ఖాళీ చేయించాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపాలి, తన కుటుంబానికే ఆ ఇల్లు కావాలి అన్నలాంటిది. అప్పుడు కూడా మనం అక్కడ ఐదేళ్లు దాటి ఉంటే ఆరు నెలలు, ఎనిమిదేళ్లు దాటితే తొమ్మిది నెలలు గడువివ్వాలి. బెర్లిన్‌లో నూటికి ఎనభై మందికి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటారు. అద్దెకుండడం ఇక్కడ సొంతిల్లు కొనేలోపు గడిపే మజిలీ కాదు, ముసలివాళ్లు నలభై ఏళ్లుగా అదే అద్దె ఇంట్లో ఉంటారు. మా ఎదురింటి పెద్దావిడ అలాంటిదే.

ఇక్కడి చట్టాలు కూడా ఒకేలా నిలబడలేదు. 2020 ఫిబ్రవరిలో నగరం మీటెన్‌డెకెల్ అని అద్దెలకు మూత పెట్టింది. ఆ ఏడాది నవంబరులో మా అద్దె 620 నుంచి 520కి తగ్గింది. 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం, ఇలాంటి చట్టం చేసే అధికారం బెర్లిన్‌కు లేదని కొట్టేసింది. ఐదు నెలల తేడా, 500 యూరోలు తిరిగి కట్టమని ఓనరు ఉత్తరం రాశాడు. తగ్గిన డబ్బు ఖర్చు పెట్టకుండా పక్కన దాచుకోమని కిరాయిదారుల సంఘంవాళ్లు ముందే చెప్పి ఉండబట్టి కట్టగలిగాం, దాచని కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో పెద్ద గృహ కంపెనీల ఇళ్లను ప్రజాపరం చేయాలా అని ఓటింగు పెడితే సగానికి పైగా జనం చేయాలనే అన్నారు. ఆ ఓటు ఇంకా ఆచరణలోకి రాలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ అద్దె అనేది ఇంట్లో వాళ్లకూ ఓనరుకూ మధ్య సంగతి మాత్రమే కాదు, ఊరంతా పోట్లాడుకునే సంగతి. ఆ పోట్లాట వల్లే లోపలున్నవాళ్లకు రక్షణ ఉంది. ఆ రక్షణ వల్లే ఎవరూ ఇల్లు వదలరు, బయటివాళ్లకు ఇల్లు దొరకదు.

మీరు నిలదొక్కుకున్నాక వాడుకోవాల్సినది ఒకటుంది. 2015 జూన్ నుంచి బెర్లిన్‌లో మీట్‌ప్రైస్‌బ్రెమ్‌జె అనే నిబంధన అమల్లో ఉంది, 2029 చివరిదాకా పొడిగించారు. కొత్త కాంట్రాక్టులో అద్దె, ఆ అద్దెల పట్టికలో ఉన్న స్థాయి కంటే 10 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదన్నది సారాంశం. 2014 అక్టోబరు తర్వాత మొదటిసారి వాడుకలోకి వచ్చిన కొత్త భవనాలకు ఇది వర్తించదు, పాత కిరాయిదారు అప్పటికే ఎక్కువ కడుతుంటే ఆ అద్దె కొనసాగించొచ్చు. ఈ మినహాయింపుల్లో లేని ఇంటికి ఎక్కువ కడుతున్నారనిపిస్తే, చేరిన ముప్ఫై నెలల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే మొదటి నెల నుంచి ఎక్కువ కట్టింది వెనక్కి అడగొచ్చు. ఒక్కరే పోరాడకండి. కిరాయిదారుల సంఘంలో చేరితే నెలకు పది యూరోల చిల్లర, వాళ్లే లాయరు చేత చూపిస్తారు. మనవాళ్లు ఓనరుతో గొడవెందుకులే అని ఊరుకుంటారు. ఇక్కడ హక్కు అడగడాన్ని ఎవరూ గొడవ అనుకోరు.

ఇళ్ల పేర్లలో ఉన్న తికమక కూడా తెలుసుకోండి, లేకపోతే పోలిక మొత్తం తప్పుతుంది. లండన్ ప్రకటనలో వన్ బెడ్ అంటే ఒక పడకగది, దానికి విడిగా హాలు. బెర్లిన్ ప్రకటనలో గదుల సంఖ్యలో హాలూ కలుస్తుంది. రెండు గదులంటే మన వన్ బీహెచ్‌కే, మన టూ బీహెచ్‌కే కావాలంటే మూడు గదులని వెతకాలి. నేను పైన పోల్చింది వన్ బీహెచ్‌కేతో వన్ బీహెచ్‌కేనే. ఇంకా, బెర్లిన్‌లో చాలా ఇళ్లకు వంటగది అంటే నాలుగు గోడలూ ఒక నీళ్ల పైపూ. సింకు, పొయ్యి, అలమరాలు పాత కిరాయిదారు పీక్కుపోతాడు, లేదంటే మనకే అమ్ముతాడు. రెండు మూడు వేల యూరోలు దానికి పక్కన పెట్టుకోండి. అద్దె అంకె పక్కన ‘కాల్ట్’ అని ఉందో ‘వార్మ్’ అని ఉందో చూడండి. వార్మ్ అంటే హీటింగ్, నీళ్లు, మన మెయింటెనెన్స్ లాంటివి కలిపి, కానీ కరెంటు కలపకుండా. అది కూడా అంచనానే, ఏడాది చివర లెక్క తేల్చి మిగిలితే ఇస్తారు, తగ్గితే అడుగుతారు.

లండన్‌లో ఇంకో రకం తికమక. కొన్ని అద్దెలు వారానికి చెబుతారు. వారానికి 350 అంటే నెలకు 1,400 అనుకుంటాం. ఏడాదికి 52 వారాలు కాబట్టి నిజానికి 1,517. నూటపదిహేడు పౌండ్లు అక్కడే ఎగిరిపోతాయి. పేటలు ఎంచుకునేటప్పుడు కౌన్సిల్ టాక్స్ కూడా చూడండి. వాండ్స్‌వర్త్, వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిళ్లలో తక్కువ, క్రాయ్‌డన్, కింగ్‌స్టన్‌లలో అదే తరగతి ఇంటికి రెండింతలు దాటుతుంది. ఇక దూరం వెళ్తే అద్దె తగ్గుతుంది కదా అంటారు. లండన్‌లో జోన్ పెరిగేకొద్దీ టికెట్ పెరుగుతుంది, మిగిల్చింది రైలు తింటుంది. 2022లో ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం వచ్చాక ఇల్‌ఫర్డ్ నుంచి నడిబొడ్డుకు ప్రయాణం చాలా సులువైంది, ఆ సులువుకు ఓనర్లు ధర కట్టేశారు. బెర్లిన్‌లో ఊరి ఏ చివరనున్నా అదే టికెట్. అందుకే అక్కడ నడిబొడ్డు చుట్టూ తిరిగే రింగు రైలుకు బయటే ఇల్లు వెతకమని అందరికీ చెబుతాను.

అడ్వాన్సు సంగతి. హైదరాబాద్‌లో రెండు నెలలిచ్చి అలవాటైన మీకు రెండూ కొత్తేం కావు. లండన్‌లో ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు, 2019 నుంచి చట్టం. 1,450 ఇంటికి అది 1,673 అవుతుంది. దాన్ని ముప్ఫై రోజుల్లో గుర్తింపున్న రక్షణ పథకంలో పెట్టాలి, పెట్టారో లేదో అడగండి. బెర్లిన్‌లో మూడు నెలల కాల్ట్ అద్దె దాకా అడగొచ్చు, కానీ మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఇల్లు చూపించకుండా డబ్బు పంపమనేవాడు, తాళాలు పోస్టులో పంపిస్తాననేవాడు ఏ ఊళ్లోనైనా దొంగే. నాకు తెలిసిన ఒకబ్బాయి వైజాగ్ నుంచే రెండు నెలల అడ్వాన్సు పంపి, బెర్లిన్‌లో దిగాక ఆ చిరునామాలో వేరేవాళ్లు కాపురముండడం చూశాడు.

లండన్‌లో రూల్స్ కూడా ఇప్పుడు మారుతున్నాయి, నేనున్నప్పటి లండన్ కాదు. 2025 అక్టోబరులో వచ్చిన కిరాయిదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ఆ సెక్షన్ 21 నోటీసు రద్దు. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి. ప్రకటించిన ధర కంటే ఎక్కువ పాడమని పోటీ పెట్టకూడదు. పిల్లలున్నారని ఇల్లు కాదనకూడదు. నాకు చాలా సంతోషమనిపించింది, 2016లో ఇది ఉండి ఉంటే ఆ ఇంట్లోంచి మమ్మల్ని అంత తేలిగ్గా కదిలించగలిగేవాళ్లు కాదు. కానీ అదే చట్టం ఒక నెలకు మించి ముందస్తు అద్దె తీసుకోకూడదని కూడా అంటోంది. ఆ దేశంలో ఖాతా చరిత్ర లేని మనలాంటివాళ్లు ఇన్నాళ్లూ ఆరు నెలల అద్దె ఒకేసారి ఇస్తామని చెప్పి ఇల్లు సంపాదించేవాళ్లం. ఇకమీదట హామీదారు కావాలి, లేదా కంపెనీ ఉత్తరం కావాలి. అక్కడ ఏజెంట్లు సాధారణంగా చూసే కొలత, ఏడాది జీతం నెల అద్దెకు ముప్ఫై రెట్లుండాలన్నది. మీ 60,000కు 2,000 దాకా అద్దె ఒప్పుకుంటారు. ఒప్పుకుంటారని అంత తీసుకోకండి, పైన లెక్క చూశారు కదా. బెర్లిన్‌లో వార్మ్ అద్దెకు మూడు రెట్లు చేతి జీతం ఉండాలంటారు. 3,750కి 1,250. అందుకే నేను ఆ అంకె వాడాను.

ఇంత రాశాక అసలు సంగతికి వస్తాను. మీ ప్రశ్నలో మీ భార్య గురించి ‘వైఫ్’ అన్న ఒక్క మాటే ఉంది. ఆమె ఏం చదువుకున్నారు, ఏం చేస్తున్నారు, ఏం చేయాలనుకుంటున్నారు అన్నది రాయలేదు. ఈ రెండు ఊళ్ల మధ్య తీర్పు చెప్పేది ఆమె ఉద్యోగమే.

రెండుచోట్లా మీ వీసా మీద ఆమె పని చేసుకోవచ్చు. లండన్‌లో ఇంగ్లిష్ చాలు. అకౌంట్స్, టీచింగ్, ఆసుపత్రి, ఆఫీసు, ఏదైనా వెతుక్కోవచ్చు. 30,000 పౌండ్ల ఉద్యోగమొచ్చినా నెలకు దాదాపు 2,000 చేతికొస్తుంది. పాపకు మూడేళ్లు నిండాక వారానికి 15 గంటల నర్సరీ అందరు పిల్లలకూ ఉచితం. ఉద్యోగస్తులైన తల్లిదండ్రులకు ఇచ్చే 30 గంటలు మాత్రం మీ ఇద్దరిదీ ప్రభుత్వ నిధులు వాడకూడదన్న షరతున్న వీసా అయితే రావు. కాబట్టి రోజంతా నర్సరీకి ఇంకో 1,200 దాకా పోతుందనుకోండి. అప్పుడు 1,370కి 2,000 కలిపి 1,200 తీసేస్తే 2,170 పౌండ్లు, అంటే 2,500 యూరోలు. చూశారా, లండన్‌లో ఇద్దరూ రోజంతా పనిచేస్తే మిగిలేది బెర్లిన్‌లో మీరొక్కరు పనిచేస్తే మిగిలేదానికి సమానం. కానీ పాపకు నాలుగు నిండాక వచ్చే సెప్టెంబరులో ప్రభుత్వ బడిలో చేరుతుంది, నర్సరీ ఖర్చు దాదాపుగా పోతుంది. అక్కడి నుంచి లండన్ లెక్క గబగబా మారిపోతుంది.

బెర్లిన్‌లో ఆమె సాఫ్ట్‌వేర్ అయితే ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. ఇంకేదైనా అయితే జర్మన్ లేకుండా తలుపులు తెరుచుకోవు. బీఎడ్ చేసి హైదరాబాద్‌లో పదేళ్లు పాఠాలు చెప్పిన నా స్నేహితురాలు ఇక్కడ మూడేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్లాయన నెలనెలా మిగిల్చిన డబ్బు గురించి చెబుతుంటే ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేది. ఆ లెక్కలో ఆమె ఎక్కడా లేదు. మీ ఇంట్లో అలా జరగకూడదు.

నా మాట ఇదీ. ఆమె కొన్నాళ్లు పాపతో ఇంట్లో ఉండాలనుకుంటే, లేదా సాఫ్ట్‌వేర్ అయితే, లేదా జర్మన్ నేర్చుకోవడానికి మనసుంటే బెర్లిన్ తీసుకోండి. మీరు ముందు ఒక్కరే వచ్చి షేరింగ్‌లో ఒక గది తీసుకోండి, 600, 700లో దొరుకుతుంది. షూఫా, మూడు నెలల పేస్లిప్పులు చేతికొచ్చాక కుటుంబాన్ని తెచ్చుకోండి. కనీసం మూడేళ్లు ఉంటామనుకుంటేనే రండి, ఒకటిన్నర ఏడాదికి వెళ్లిపోయేదానికి ఆ మొదటి కష్టం పడకండి. ఆమె ఇంగ్లిష్‌తో చేసే వృత్తిలో ఉండి, వెంటనే పనిలోకి వెళ్లాలనుకుంటే లండన్ తీసుకోండి. ఏడాదిన్నర చెయ్యి బిగబట్టి బతకాల్సొస్తుంది, అది తెలిసే వెళ్లండి.

సంతకం పెట్టే ముందు లండన్ కంపెనీని ఆరోగ్య సర్‌చార్జి ముగ్గురికీ కడతారా, ఇంటికి హామీ ఉత్తరం ఇస్తారా అని అడగండి. బెర్లిన్ కంపెనీని ఆన్‌మెల్డుంగ్ కుదిరే తాత్కాలిక ఇల్లు ఎన్ని నెలలు ఇస్తారని అడగండి. మూడు నెలలైనా ఇస్తామంటే జీతం వెయ్యి రెండు వేలు తగ్గినా పర్వాలేదు. బెర్లిన్ అనుకుంటే ఆమె ఇప్పుడే బంజారాహిల్స్‌లోని గోథే సెంటర్‌లో జర్మన్ తొలి మెట్టైన ఎ1 మొదలుపెట్టొచ్చు. ఆమె ఏమంటున్నారో, ఏ వృత్తిలో ఉన్నారో రాయండి. అప్పుడు ఏ పేటలో ఇల్లు వెతకాలో చెబుతాను.